పురుగు తిన్న తాళపత్రం, పావు వంతే కొలిచిన స్కాన్

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక చిన్న పని చేద్దాం. మీలో ఎంఆర్‌ఐ స్కాన్ చేయించుకున్నవారు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఎత్తిన చేతులు అలాగే ఉంచండి. ఆ సొరంగంలో పడుకున్నప్పుడు ‘ఇంకెంతసేపు’ అని ఒక్కసారి కూడా అనుకోనివారు చెయ్యి దించండి. ఒక్కరూ దించలేదు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ ‘ఇంకెంతసేపు’ గురించి.

నేను డాక్టరును కాను. స్కానర్ పట్టి తెచ్చిన సంకేతాలను బొమ్మగా మార్చే గణితం నా పని. స్కానర్ గదికీ మేం కూర్చునే గదికీ మధ్య ఒక మందపాటి గాజు కిటికీ ఉంటుంది. ఆ కిటికీకి ఇవతల ఏళ్ల తరబడి పనిచేశాను. చాలాకాలం పాటు ఇది నాకు లెక్కల సమస్యగానే కనిపించింది. ఒకరోజు నాలుగేళ్ల బాబును తీసుకొచ్చారు. కడుపులో గడ్డ ఉందేమోనని అనుమానం. అంత చిన్నపిల్లలు 40 నిమిషాలు కదలకుండా పడుకోలేరు కాబట్టి మత్తు ఇవ్వాలి. మత్తు ఇవ్వాలంటే ముందు కొన్ని గంటల పాటు ఏమీ తినిపించకూడదు. వాడు ఆకలితో ఏడుస్తున్నాడు. తెల్లకోటు వేసుకున్నాను కదా, వాళ్లమ్మ నన్ను డాక్టరనుకుంది. ‘మత్తు లేకుండా చేయలేరా సార్?’ అని అడిగింది. 40 నిమిషాలు పడుతుందమ్మా అన్నాను. ‘అదే పది నిమిషాలైతే నేను పక్కన నిలబడి వాడి పాదం పట్టుకుని కథ చెబుతాను సార్, కదలడు’ అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా 40ని 10 చేయడమంటే నాకు ఒక భిన్నం. ఆ రోజు నుంచి అది ఒక పిల్లవాడికి మత్తు తప్పించడం.

అసలు ఎంఆర్‌ఐకి ఇంతసేపు ఎందుకు పడుతుంది? ఎక్స్‌రే కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది. సీటీ స్కాన్‌కు కొన్ని సెకన్లు చాలు. ఎంఆర్‌ఐ యంత్రం వాటికంటే ఖరీదైనది, మరి అదే ఎందుకు నత్తనడక నడుస్తుంది? నడక నెమ్మది యంత్రానిది కాదు, మన ఒంట్లో ఉన్న నీటిది.

నీటిలో హైడ్రోజన్ ఉంటుంది. ప్రతి హైడ్రోజన్ కేంద్రకమూ ఒక చిన్న అయస్కాంతపు సూది లాంటిది. మనిషిని పెద్ద అయస్కాంతంలో పడుకోబెడితే ఆ సూదుల్లో కొద్దిపాటి మొగ్గు ఒకవైపు ఏర్పడుతుంది. అయస్కాంతం బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. 1.5 టెస్లాల స్కానర్‌లో అవి సెకనుకు దాదాపు 6 కోట్ల 39 లక్షల సార్లు గిరగిరా తిరుగుతాయి. మన ఎఫ్‌ఎం రేడియో స్టేషన్లకు కాస్త దిగువన ఉండే పౌనఃపున్యం అది. బయటి రేడియో తరంగాలు లోపలికి రాకుండా ఆ గది గోడలకు, తలుపుకు రాగి తొడుగు వేసేది అందుకే. సరిగ్గా అదే పౌనఃపున్యంలో రేడియో తరంగాన్ని పంపితే ఆ సూదులు పక్కకు ఒరుగుతాయి, ఒరిగి బదులు పలుకుతాయి. ఆ పలుకును ఒంటికి చుట్టిన కాయిల్, అంటే తీగచుట్ట, వింటుంది. ఒకసారి పలికాక అవి మళ్లీ నిలదొక్కుకునేదాకా ఆగాలి. చెరువులో రాయి వేసి అలలను చూశారు. రెండో రాయి వేసి చూడాలంటే నీళ్లు కాస్త నిలకడ పడాలి కదా. కొవ్వు త్వరగా సర్దుకుంటుంది. మెదడు చుట్టూ ఉండే ద్రవానికి సెకన్ల మీద సెకన్లు పడుతుంది. ఎంత డబ్బు పెట్టి యంత్రం కొన్నా ఆ సెకన్లను కొనలేం.

ఒక్కసారి ఆగి చూడటంతో బొమ్మ రాదు. ఆ పలుకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే దాన్ని వందల సార్లు, ప్రతిసారీ కొంచెం తేడాగా వినాలి.

ఇప్పుడు తెర మీదికి చూడండి. ఇది నేను ఒక ఆదివారం స్కాన్ చేసిన బత్తాయి. కుడివైపు ఉన్నది మీకు తెలిసిన బొమ్మ. తొనలు, మధ్యలో తెల్లటి నార, నల్లచుక్కల్లా విత్తనాలు కనిపిస్తున్నాయి. ఎడమవైపు ఉన్నది స్కానర్ నిజంగా కొలిచినది. నడుమ ఒక వెలుగుముద్ద, చుట్టూ మసక, అంచులకు వెళ్లేకొద్దీ దుమ్ము చల్లినట్టు మిణుకుమిణుకుమనే చుక్కలు. బత్తాయి జాడ ఎక్కడా లేదు. ఈ మసక పటాన్ని కే-స్పేస్ అంటారు. స్కానర్ ఎప్పుడూ మన అవయవాన్ని ఫొటో తీయదు. ఈ పటాన్ని మాత్రమే వరుస వరుసగా నింపుతుంది.

ఈ పటంలో ఒక్కో చుక్క ఏం చెబుతుంది? నేతచీరలో చారలు ఊహించుకోండి. వెడల్పు చారలు, సన్నచారలు, నిలువు, అడ్డం, ఏటవాలు. ఏ బొమ్మనైనా ఇలాంటి చారలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి తయారుచేయవచ్చునని ఫ్రెంచి గణితవేత్త ఫురియే చెప్పిన గణితం మనకు నేర్పింది. కే-స్పేస్‌లో ప్రతి చుక్కా ‘ఫలానా వెడల్పున్న, ఫలానా దిక్కుగా సాగే చార ఈ బొమ్మలో ఇంత పాలు ఉంది’ అని చెబుతుంది. నడుమ ఉన్నవి వెడల్పు చారలు. నలుపు తెలుపులు, మొత్తం ఆకారం వాటి వల్ల వస్తాయి. అంచుల్లో ఉన్నవి సన్నచారలు. తొన మీది పొర, విత్తనం కొన అక్కడినుంచి వస్తాయి. ఈ పటంలో 256 వరుసలున్నాయి అనుకోండి. ఒక్కో వరుసకు 3 సెకన్లు ఆగితే 768 సెకన్లు, అంటే 12 నిమిషాల 48 సెకన్లు. ఒక్క రకం బొమ్మకే అంత. డాక్టరుకు నాలుగైదు రకాల బొమ్మలు కావాలి. మీ ‘ఇంకెంతసేపు’ పుట్టింది ఇక్కడే.

చరిత్రలోకి కాసేపు వెళ్దాం. అమెరికాలో పాల్ లాటర్‌బర్ 1973లో రెండు నీటిగొట్టాల బొమ్మను ప్రచురించాడు. 1977 జులై 3న రేమండ్ డమేడియన్ బృందం మనిషి ఛాతీని మొదటిసారి స్కాన్ చేసినప్పుడు దాదాపు 5 గంటలు పట్టింది. ఈ రెంటికీ మధ్య, 1975లో, జ్యూరిక్‌లో జరిగిన పని గురించి మన దేశంలో తక్కువగా చెప్పుకుంటాం. ఇందాక చెప్పిన చారల పద్ధతిని, అంటే ఫురియే గణితంతో బొమ్మ తీసే మార్గాన్ని, ముగ్గురు ప్రతిపాదించారు. అనిల్ కుమార్, డీటర్ వెల్టి, రిచర్డ్ ఎర్నెస్ట్. ఆ అనిల్ కుమార్ తర్వాత బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో దశాబ్దాల పాటు పాఠం చెప్పారు. ఈ రోజు ప్రపంచంలో దాదాపు ప్రతి స్కానర్ వరుసలు నింపే తీరుకు వేరు ఆ వ్యాసంలోనే ఉంది. ఆ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నేను ఎక్కడ మాట్లాడినా చెబుతాను.

1980లలో వేగమంతా వరుసలను త్వరత్వరగా నింపడం నుంచి వచ్చింది. నాటింగ్‌హామ్‌లో పీటర్ మాన్స్‌ఫీల్డ్, గాటింగెన్‌లో యెన్స్ ఫ్రామ్, ఆక్సెల్ హాసె, ఫ్రైబుర్గ్‌లో యుర్గెన్ హెన్నిగ్ తలా ఒక ఉపాయం కనిపెట్టారు. హెన్నిగ్ ఉపాయంతో ఒకసారి ఒరిగించిన కేంద్రకాలనుంచే ఒకటికి బదులు 16 వరుసలు రాబట్టవచ్చు. అప్పుడు మన 768 సెకన్లు 48 అవుతాయి. అయితే డాక్టర్లు అక్కడ ఆగలేదు. ఇంకా సన్నటి వివరం, ఇంకా పలచటి ముక్కలు, ఇంకా కొత్త రకాల బొమ్మలు కావాలన్నారు. కావాలనడంలో న్యాయముంది. ఇటు యంత్రం హద్దుకు వచ్చేసింది. అయస్కాంత క్షేత్రాన్ని మరీ వేగంగా మారిస్తే ఒంట్లో నరాలు జిల్లుమంటాయి, కండరాలు అదురుతాయి. రేడియో తరంగాలు ఎక్కువ పంపితే ఒళ్లు వేడెక్కుతుంది. పరుగు పెంచడానికి మనిషి శరీరమే ఒప్పుకోదు.

అప్పుడు కొందరు ప్రశ్ననే మార్చారు. 256 వరుసలను ఎంత త్వరగా నింపగలం అని కాకుండా, 256 వరుసలూ నింపాలా అని అడిగారు. నా వృత్తి ఆ ప్రశ్న నుంచి పుట్టింది.

ఇది అర్థం కావడానికి మిమ్మల్ని తాళపత్రాల దగ్గరికి తీసుకెళ్తాను. పురుగు తిన్న తాటాకు మీద పద్యం ఉంది. అక్కడక్కడ అక్షరాలు లేవు. పండితుడు ఏం చేస్తాడు? ఆయనకు మొదటి దారి, అదే కావ్యానికి ఇంకో ప్రతి ఎక్కడైనా ఉందా అని వెతకడం. సీపీ బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి చేయించిన పని ఇదే. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, ఒక ప్రతిలో పోయినదాన్ని ఇంకో ప్రతితో సరిచూడటం.

ఎంఆర్‌ఐలో ఆ ప్రతులు కాయిల్స్. ఒకే పెద్ద కాయిల్ బదులు ఒంటి చుట్టూ చిన్నచిన్న కాయిల్స్ చాలా పెడతారు. దేనికి దగ్గరగా ఉన్నది దానికి గట్టిగా వినిపిస్తుంది. ఇప్పుడు వరుస విడిచి వరుస కొలిచామనుకోండి. సమయం సగమైంది. కానీ బొమ్మ మడతపెట్టిన చీరలా ఒకదాని మీద ఒకటి పడుతుంది. తల స్కాన్‌లో ముక్కు వచ్చి తల వెనక భాగం మీద కూర్చుంటుంది. ఒకే చుక్కలో ముక్కూ ఉంది, తల వెనక భాగమూ ఉంది, ఏది ఎంతో తెలియదు. ముందున్న కాయిల్‌కు ముక్కు మూడింతలు, వెనక భాగం ఒక వంతు వినిపిస్తాయి. వెనకున్న కాయిల్‌కు ముక్కు ఒక వంతు, వెనక భాగం మూడింతలు. ముందు కాయిల్‌లో 14 వచ్చింది, వెనక కాయిల్‌లో 10 వచ్చింది. ముక్కు ఎంత, వెనక భాగం ఎంత? ఇక్కడ పదో తరగతి పిల్లలెవరైనా ఉంటే చెప్పండి. ముక్కు 4, వెనక భాగం 2. అంతే. మడత విడిపోయింది. 1997లో డేనియల్ సోడిక్సన్, వారెన్ మానింగ్, 1999లో జ్యూరిక్‌లో క్లాస్ ప్రూస్మన్ బృందం, 2002లో మార్క్ గ్రిస్‌వోల్డ్ బృందం దీన్ని రకరకాల దారుల్లో సాధించారు. మీరెవరైనా గత పదిహేనేళ్లలో ఎంఆర్‌ఐ చేయించుకుని ఉంటే, మీకు తెలియకుండానే ఈ లెక్క మీ బొమ్మలో చాలావరకు జరిగే ఉంటుంది.

దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది. నాలుగో వంతే కొలిస్తే, బొమ్మలో సంకేతానికీ గరగరకూ (ఇసుక చల్లినట్టు కనిపించే అనవసరపు చుక్కలకు) ఉన్న నిష్పత్తి కనీసం సగానికి పడిపోతుంది. కాయిల్స్ ఒకేలా వినడం మొదలుపెడితే ఇంకా పడిపోతుంది. రెండు ప్రతులూ ఒకే మూలం నుంచి ఒకే తప్పుతో రాసినవైతే పండితుడికి ఉపయోగం తక్కువ కదా, అలాగే.

మరి ఇంకో ప్రతి దొరకనప్పుడు? అప్పుడు పండితుడికి ఛందస్సు ఉంది. ఉత్పలమాల అయితే పాదానికి 20 అక్షరాలు. ఏది గురువో ఏది లఘువో ముందే తెలుసు. పదో అక్షరం దగ్గర యతి కుదరాలి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అది ప్రాస. ఈ కట్టుబాట్లన్నీ తెలిసినవాడికి పోయిన అక్షరం చాలాసార్లు ఒక్కటే అవుతుంది, రెండో అవకాశం ఉండదు.

ఇక్కడ ఒక మాట మీద కాసేపు నిలబడతాను. నా దృష్టిలో ఈ రంగంలోకెల్లా అందమైన సంగతి ఇదే. పురుగు తిన్న తీరును బట్టి పద్యం బతుకుతుందో లేదో తేలుతుంది. పురుగు నాలుగు పాదాల్లోనూ సరిగ్గా రెండో అక్షరాన్నే తొలుచుకుంటూ పోయిందనుకోండి. పోయినవి నాలుగే అక్షరాలు. అయినా ప్రాస ఏమిటో చెప్పే సాక్షి ఒక్కటీ మిగల్లేదు. అదే పది అక్షరాలు పోయినా ఒక్కోచోట ఒక్కొక్కటిగా చెల్లాచెదురుగా పోతే, ఒక పాదం ఇంకో పాదానికి సాక్ష్యం చెబుతుంది. ఎన్ని పోయాయన్నది ఒక్కటే లెక్క కాదు, ఎలా పోయాయన్నదీ లెక్కే. స్కానర్‌లో వరుస విడిచి వరుస, ఒక క్రమంలో వదిలేస్తే బొమ్మ మడతపడుతుంది, ఆ మడత కూడా నిజమైన బొమ్మలాగే ఉంటుంది, ఇంకో కాయిల్ సాక్ష్యం లేకపోతే రెంటినీ విడదీయలేం. వరుసలను యాదృచ్ఛికంగా, చెదురుమదురుగా వదిలేస్తే నష్టం గరగరలా బొమ్మంతా పరుచుకుంటుంది. గరగరను తుడవచ్చు.

బొమ్మకు ఛందస్సు ఏమిటి? మన ఒంటి బొమ్మలు ఇష్టం వచ్చినట్టు చల్లిన చుక్కలు కావు. కాలేయం చాలా మేరకు ఒకే రంగు. అంచులు ఉన్నచోట మాత్రమే మార్పు. మీ ఫోనులో ఫొటో తక్కువ చోటులో ఇమిడేది ఈ గుణం వల్లే. సరైన భాషలో రాస్తే బొమ్మలో ముఖ్యమైన అంకెలు కొన్నే, మిగతావన్నీ దాదాపు సున్నాలు. ఎమాన్యుయెల్ కాండెస్, జస్టిన్ రాంబెర్గ్, టెరెన్స్ తావో కలిసి, విడిగా డేవిడ్ డోనహో, 2006లో ప్రచురించిన వ్యాసాల్లో దీన్ని రుజువుతో సహా నిలబెట్టారు. కాండెస్ బృందం 512 చుక్కల వెడల్పు, 512 చుక్కల ఎత్తు ఉన్న ఒక నమూనా తల బొమ్మను, కే-స్పేస్‌లో కేవలం 22 ఆరాల వంటి గీతలు మాత్రమే తీసుకుని, పొల్లుపోకుండా తిరిగి నిర్మించింది. నేను ఆ బొమ్మను మొదటిసారి చూసినప్పుడు ఎక్కడో పొరపాటు జరిగిందనే అనుకున్నాను. మూడు రోజులు కూర్చుని నా కంప్యూటర్‌లో నేనే చేసి చూసుకున్నాకే నమ్మాను.

2007లో స్టాన్‌ఫర్డ్‌లో మైకెల్ లస్టిగ్, డోనహో, జాన్ పాలీ దీన్ని అసలైన ఎంఆర్‌ఐ కొలతలకు వర్తింపజేశారు. కంప్యూటర్ లోపల జరిగేది చెబుతాను, వినండి. మొదట అంచనాగా ఒక బొమ్మ వేస్తుంది. దాన్ని ఛందస్సుకు దగ్గరగా దిద్దుతుంది, అంటే గరగర లాంటి చిన్న అంకెలను చెరిపేస్తుంది. దిద్దిన బొమ్మను మళ్లీ కే-స్పేస్‌కు తీసుకెళ్తుంది. అక్కడ మనం నిజంగా కొలిచిన వరుసలు ఉన్నాయి కదా, వాటి చోట తన అంచనాను తీసేసి కొలిచినవాటినే పెడుతుంది. మళ్లీ బొమ్మ, మళ్లీ దిద్దుబాటు, మళ్లీ కొలతలు. ఇలా పదుల సార్లు. కొలిచినవాటిని తిరిగి పెట్టే ఈ రెండో అడుగును దయచేసి గుర్తుపెట్టుకోండి. పండితుడు ఎంత తెలివిగా పూరించినా, ఆకు మీద కనిపిస్తున్న అక్షరాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ఉన్నది ఉన్నట్టు ఉంచి, లేనిచోటే పూరించాలి.

ఆ పద్ధతిని లస్టిగ్‌తో కలిసి ఆసుపత్రికి చేర్చినవారిలో ముఖ్యుడు శ్రేయస్ వసనవాలా, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన పిల్లల ఆసుపత్రి రేడియాలజిస్టు. ఎవరి కోసమో మీరే గ్రహించి ఉంటారు. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టలేని, కదలవద్దంటే కదిలే పిల్లల కోసం. 2017లో పెద్ద స్కానర్ కంపెనీల యంత్రాల్లో ఈ పద్ధతికి అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. లెక్కల వ్యాసం నుంచి రోగి దగ్గరికి పదకొండేళ్లు.

ఇక కృత్రిమ మేధ దగ్గరికి వద్దాం. అడుగుతారని తెలుసు, ఎక్కడికి వెళ్లినా మొదటి ప్రశ్న అదే. ఛందస్సు సూత్రాలు నేర్చుకున్న పండితుడు ఒకరకం. పదివేల పద్యాలు వల్లెవేసి, సూత్రం చెప్పలేకపోయినా చెవితోనే ‘ఇక్కడ ఈ మాటే ఉండాలి’ అనగల శిష్యుడు ఇంకోరకం. న్యూరల్ నెట్‌వర్క్, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రామ్, ఆ రెండో రకం. గరగర లేని, కంటికి ఇంపైన బొమ్మ ఇస్తుంది, అదీ సెకన్లలో. 2018లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నుంచి కెర్స్టిన్ హమర్నిక్ బృందం, 2019లో అయోవా నుంచి హేమంత్ అగర్వాల్, మాథ్యూస్ జేకబ్ బృందం ఇచ్చిన పద్ధతుల్లో నాకు నచ్చేది, కొలతలకు కట్టుబడే ఆ రెండో అడుగును నెట్‌వర్క్ లోపలే ఉంచడం. శిష్యుడు పూరిస్తాడు, గురువు పక్కనే కూర్చుని ఆకును చూపిస్తాడు.

అదే 2018లో న్యూయార్క్ యూనివర్సిటీ వైద్య విభాగం, ఫేస్‌బుక్ పరిశోధకులు కలిసి ‘ఫాస్ట్ ఎంఆర్‌ఐ’ పని మొదలుపెట్టారు. 1,500కు పైగా మోకాలి స్కాన్ల ముడి కొలతలను అందరికీ తెరిచిపెట్టారు. కాయిల్స్ పద్ధతిని 1997లో సాధించిన సోడిక్సన్ ఇందులోనూ పాల్గొన్నారు. 2020లో వాళ్లు ప్రచురించిన పరిశీలనలో, నాలుగో వంతు కొలతలతో చేసిన మోకాలి బొమ్మలను ఆరుగురు రేడియాలజిస్టులు చూసి, మామూలు బొమ్మల స్థానంలో వీటిని వాడుకోవచ్చని తేల్చారు. ఇది చిన్న విషయం కాదు.

కానీ ఆ బృందమే 2020లో మెదడు స్కాన్ల మీద నడిపిన పోటీలో, కొన్ని బొమ్మల్లో లేనిది ఉన్నట్టు కనిపించిందని రేడియాలజిస్టులు పట్టుకున్నారు. అదే ఏడాది వేగార్డ్ ఆంటున్, ఆండర్స్ హాన్సెన్ బృందం ఇంకో పరీక్ష చేసింది. బొమ్మల్లో చిన్నచిన్న అక్షరాలు, పేకముక్కల గుర్తులు చొప్పించి నెట్‌వర్క్‌లకు ఇచ్చి చూసింది. కొన్నిట్లో అవి చెరిగిపోయాయి. పాఠపరిష్కరణ చేసేవారికి ఈ జబ్బు పాతదే. రాయసగాడు తనకు తెలియని అరుదైన మాట కనిపిస్తే, అది తప్పేమోననుకుని తెలిసిన మాటగా దిద్దేస్తాడు. పద్యం సాఫీగా నడుస్తుంది, కవి రాసిన మాట మాయమవుతుంది. వైద్యంలో ఆ అరుదైన మాటే జబ్బు. మోకాలి మృదులాస్థిలో వెంట్రుకవాసి చీలిక. మెదడులో ఆవగింజంత మచ్చ. పదివేల ఆరోగ్యకరమైన మోకాళ్లు చూసిన నెట్‌వర్క్‌కు ఆ చీలిక ఒక అక్షరదోషంలా కనిపించవచ్చు.

పాత పద్ధతుల్లో వేగం మితిమీరితే బొమ్మే చెప్పేది. మడత పడేది, గరగరలాడేది. టెక్నీషియన్ చూసి ‘ఇది మళ్లీ తీయాలి’ అనేవాడు. కొత్త పద్ధతుల్లో బొమ్మ చెడినా అందంగానే ఉంటుంది. నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వని సంగతి ఇది. అందువల్ల వేగం వద్దని నేను అనడం లేదు. ఆ తల్లి మాట విన్నాక ఎలా అంటాను? ప్రతి బొమ్మ మూలనా, స్లైస్ మందం రాసినట్టే, ఎంత వంతు కొలిచారో, ఏ పద్ధతితో పూరించారో చదవగలిగేలా ముద్రించమంటున్నాను. రిపోర్టు రాసే డాక్టరుకు అది తెలిసే హక్కుంది, రోగికీ ఉంది.

ఇంకొకటి. మీ స్కాన్ ముగిశాక ఆసుపత్రి దాచేది కుడివైపు బొమ్మనే. ఎడమవైపు పటాన్ని, అంటే యంత్రం నిజంగా కొలిచినదాన్ని, సాధారణంగా కొద్ది రోజుల్లో చెరిపేస్తారు. చోటు సరిపోదని కారణం చెబుతారు. నకలు రాసుకున్నాక తాటాకును పొయ్యిలో పెట్టడం లాంటిది ఇది. అసలు ఆకు ఉంటే పదేళ్ల తర్వాత ఇంకా మంచి పండితుడు వచ్చి ఇంకా బాగా చదువుతాడు. అది లేక కొందరు పరిశోధకులు అప్పటికే నునుపు చేసిన బొమ్మలనుంచి దొంగ కొలతలు తయారుచేసి వాటి మీదే తమ పద్ధతులను పరీక్షిస్తారు. ఫలితాలు ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తాయని బర్కిలీలో లస్టిగ్ బృందమే 2022లో చూపించింది. పూరించిన ప్రతిని ముందు పెట్టుకుని పూరించడం నేర్చుకుంటే, ఖాళీలన్నీ తేలిగ్గానే నిండుతాయి మరి. కనీసం వేగపు పద్ధతిలో తీసిన స్కాన్ల ముడి కొలతలైనా కొన్నేళ్లు దాచాలి. డిస్కుల ధర ఆ స్కానర్ ధర ముందు ఎంత?

ఆసుపత్రి నడిపేవారు కొందరు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఈ మాట కూడా చెప్పాలి. స్కాన్ సమయం పావు వంతైతే రోజుకు నాలుగింతల మంది రోగులను చూడవచ్చని లెక్క వేయకండి. పెద్దావిడను చక్రాల కుర్చీలోంచి బల్ల మీదికి చేర్చి, గాజులు తీయించి, భయం పోగొట్టి, కాయిల్ కట్టే పది నిమిషాలను ఏ గణితమూ తగ్గించలేదు, తగ్గించకూడదు కూడా. మిగిలిన సమయాన్ని ఆ పది నిమిషాలకే ఇంకాస్త ఇవ్వండి. జిల్లా నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చునేవారికి ఈ వేగం అందితే నా వృత్తికి అంతకంటే కావలసింది లేదు.

చివరగా మళ్లీ బత్తాయి. అదే పండును నాలుగో వంతు వరుసలతో కొలిచి రెండు విధాలుగా బొమ్మ చేశాను. ఒకటి, మోకాలి బొమ్మలు తప్ప వేరేవి ఎరుగని నెట్‌వర్క్‌తో, కొలిచిన వరుసలను తిరిగి పెట్టే అడుగు లేకుండా. రెండోది, ఆ అడుగు ఉన్న పద్ధతితో. మొదటి బొమ్మ ఎంతో శుభ్రంగా వచ్చింది. తొనలు గీత గీసినట్టు ఉన్నాయి. ముక్కముక్కనూ తిప్పి చూస్తూ విత్తనాలు లెక్కపెట్టాను, 13. రెండో బొమ్మ కాస్త గరగరగా ఉంది. అందులో 14. ఏది నిజమో ఎలా తెలుస్తుంది? రోగి విషయంలో అయితే చిక్కే. ఇది బత్తాయి కాబట్టి చాకు తీసుకుని కోశాను. పళ్లెంలో ఒక్కొక్కటే వేరుచేసి పెట్టాను. పధ్నాలుగు. పధ్నాలుగోది నడిమి నారకు అంటుకుని ఉన్న వట్టిపోయిన విత్తు, బియ్యపుగింజ కంటే సన్నది.

ఆ రెండు బొమ్మల ముక్కలనూ పెద్దవిగా అచ్చువేయించి బయట బల్ల మీద పెట్టాను. ఏది ఏ పద్ధతిదో రాయలేదు. వెళ్లేటప్పుడు కాసేపు ఆగి లెక్కపెట్టండి. పిల్లలను ముందు చూడనివ్వండి, వాళ్ల కళ్లు చురుకు.